మల్లన్న దర్శనం, మధ్యలో డ్యాము

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటే ఈగలపెంట దాటాక ఘాట్ రోడ్డు కృష్ణలోకి దిగుతున్నట్టే ఉంటుంది. ఆగస్టు ఆఖరు కావడంతో గేట్లు ఎత్తి ఉన్నాయి. వంతెన చేరకముందే కారు అద్దాల మీద తుంపర పడింది. లింగాలగట్టులో చేపల వేపుడు వాసన ముక్కుపుటాలు అదరగొట్టింది గానీ, దర్శనం అయ్యేదాకా ఆ మాటే ఎత్తొద్దని మా అత్తయ్య ముందే చెప్పేసింది.

నల్లమల కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చిన ఇరుకులో కట్టారు ఈ ఆనకట్టను. పొడవు 512 మీటర్లే, ఎత్తు మాత్రం 145. 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, డ్యాము పూర్తయ్యేసరికి 1981 వచ్చింది. మొదట తలపెట్టింది అచ్చంగా కరెంటు కోసమే. రాయలసీమ సాగునీరు, చెన్నై తాగునీరు తర్వాత వచ్చి చేరాయి. రెండు రాష్ట్రాల నీటి పంచాయితీకి మూలం చాలావరకు అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

గేట్లు 12. వంపు తిరిగిన రేడియల్ గేట్లు. నీటి తోపుడంతా వెనక చేతుల్లోంచి ఇరుసు మీదికి వెళ్లిపోతుంది కాబట్టి, అంత నీరు ఆనుకుని ఉన్నా పైకి లేపడం సాధ్యమవుతుంది. 2009 అక్టోబరులో ఈ లెక్కలన్నీ దాటి వరదొచ్చింది. పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాకా ఎక్కాయి. కర్నూలు మునిగింది, డ్యాము నిలిచింది.

కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు 7, అది ఆంధ్రది. ఎడమగట్టున కొండ తొలిచి భూగర్భంలో పెట్టిన 150 మెగావాట్ల యూనిట్లు 6, అవి తెలంగాణవి. ఎడమవైపు టర్బైన్లు తిరగేసి నడిపితే కిందికి పోయిన నీటిని మళ్లీ పైకి తోడతాయి. 2020 ఆగస్టులో అక్కడే మంటలు చెలరేగి తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి.

పాతాళగంగకు రోప్‌వేలో దిగాం. భక్తులు మునిగేది ఇప్పుడు జలాశయంలోనే. నిండుగా ఉంది కాబట్టి మెట్లు చాలావరకు నీళ్లలోనే ఉన్నాయి. "కరెంటు తీసినకొద్దీ మనకు మెట్లు పెరుగుతాయిరా," అంది అత్తయ్య, తడి కొంగు పిండుకుంటూ. ఆవిడ ఎండాకాలంలో కూడా వచ్చింది కదా, ఆ లెక్క ఆవిడకే తెలుసు.

మల్లన్న దర్శనం బాగానే అయింది. భ్రమరాంబ దగ్గర క్యూ కాస్త పొడవు.

ఈ నీటి కింద వందకు పైగా ఊళ్లున్నాయి, గుళ్లూ ఉన్నాయి. ఏడు నదుల సంగమేశ్వరం వానాకాలంలో మునిగి, మట్టం తగ్గాక వేసవిలో బయటపడుతుంది. ఆ గుడి ఇప్పుడు కనపడదు కనుక తిరుగు ప్రయాణం ఆత్మకూరు, కర్నూలు మీదుగా పెట్టుకుని అలంపురం వెళ్లాం. ముంపు తప్పించడానికి కూడవెల్లి నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన సంగమేశ్వరాలయం అక్కడుంది. అత్తయ్య గోడల చుట్టూ తిరిగి, రాళ్ల అతుకులు చేత్తో తడిమి, "బాగా కుదిర్చారు," అని ప్రదక్షిణ మొదలుపెట్టింది.