గీజర్ విప్పిన శనివారం

కింది ఇంటి పెద్దమ్మ ఈ వారమంతా పొయ్యి మీదే నీళ్లు కాచుకుంటున్నారు. బెంగళూరు చలి, ఆవిడ వయసు చూస్తే నాకు మనసొప్పలేదు. వచ్చిన మెకానిక్ కవరైనా విప్పకుండా "కాయిల్ పోయింది, కొత్త గీజర్ కొనుక్కోండి" అని చెప్పి వెళ్లాడట. విప్పకుండా ఎలా తేల్చేస్తారు? పొద్దున కాఫీ తాగి, మల్టీమీటర్ పట్టుకుని కిందికి దిగాను.

"మొన్నటిదాకా నీళ్లు సలసలా కాగేవి నాయనా, ట్యాప్ తిప్పితే పొగలే. ఉన్నట్టుండి చల్లబడిపోయింది" అన్నారు పెద్దమ్మ. మదనపల్లె మనిషి, ఏదైనా విడమరిచి చెబుతారు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

బోర్డులో ఎంసీబీ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, నీళ్లు కాచే కాయిల్ వైర్లు ఊడదీసి కొలిస్తే రెసిస్టెన్స్ 26.9 ఓమ్‌లు. 230 వోల్టులకు 2000 వాట్ల కాయిల్ అంటే లెక్క ప్రకారం 26.5 దాకా రావాలి. కాయిల్ బంగారంలా ఉంది! కాయిల్‌కీ ట్యాంకు బాడీకీ మధ్య కూడా చూశాను, మీటర్‌లో ఓఎల్ వచ్చింది, అంటే కొలతకు అందనంత ఎక్కువ రెసిస్టెన్స్. ఖాయంగా చెప్పాలంటే ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ ఉండాలి గానీ, షార్ట్ అయితే లేదు.

తరువాత కటౌట్ అనే సేఫ్టీ స్విచ్. లోపల దారి తెగకుండా ఉంటే మీటర్ బీప్ అనాలి, అనలేదు. రీసెట్ బటన్ నొక్కినా నిలబడలేదు. ఇలాంటప్పుడు కొందరు చిన్న వైరు ముక్కతో కటౌట్‌ని డైరెక్ట్ చేసేస్తారు. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. నీళ్లు హద్దు మీరి వేడెక్కినప్పుడు కరెంటు ఆపేది అదే. దాన్ని తప్పిస్తే ట్యాంకులో ప్రెషర్ పెరుగుతూ పోతుంది, సేఫ్టీ వాల్వ్ కూడా మొరాయిస్తే ట్యాంకు పేలుతుంది.

మరి నీళ్లు అంతలా ఎందుకు కాగాయి? నీళ్లు తగినంత కాగాక కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ మీద అనుమానం వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు దానికి మీటర్ పెడితే బీప్ అనడం మామూలే, దాంతో ఏమీ తేలదు. పెద్దమ్మ గిన్నెలో నీళ్లు మరిగించి ఇచ్చారు. మీటర్ తగిలించిన టెర్మినల్స్ తడవకుండా పైకి పట్టుకుని కాడ మాత్రం ముంచాను. బాగున్నదైతే కాసేపటికి టిక్కుమని మీటర్ మోత ఆగిపోవాలి. ఆగలేదు. నాబ్ పూర్తిగా తగ్గించినా ఆగలేదు. "ఏంది నాయనా, ఒకటే గోల పెడుతోంది?" అన్నారు పెద్దమ్మ. లోపల కాంటాక్టులు అతుక్కుపోయాయి, అందుకే ఆ పొగలు. చివరికి కటౌట్ అడ్డుపడి ఆపింది. ఒక్క కటౌటే మార్చి ఉంటే మళ్లీ ఇదే కథ.

మధ్యాహ్నం ఎస్‌పీ రోడ్డులోని షాపులో అదే రేటింగువి కటౌట్, థర్మోస్టాట్ రెండూ కొన్నాను, కౌంటర్ మీదే మీటర్ పెట్టి చూసుకున్నాకే డబ్బులిచ్చాను. సాయంత్రం బిగించి, ట్యాప్‌లో నీళ్లు ధారగా వచ్చి ట్యాంకు నిండిందని తెలిశాకే స్విచ్ వేశాను. నీళ్లు కాగాయి, ఎర్ర లైటు దానంతటదే ఆరింది.

పాత థర్మోస్టాట్ పెద్దమ్మకే ఇచ్చాను, ఆ మెకానిక్ మళ్లీ వస్తే చూపించమని. మిక్సీ కూడా చూడమన్నారు. కార్బన్ బ్రష్‌లు అరిగాయనుకుంటా, రేపు విప్పాలి.