కిందికి దించిన పోలోని ఇంటి దగ్గరే పైకెత్తడం: నాలుగు ఆదివారాల లెక్క

కారు కిందికి దించడం ఒక్క రోజు పని. పొట్టి స్ప్రింగులు వేయించగానే నా 2015 ఫోక్స్‌వ్యాగన్ పోలో డీజిల్ సాయంత్రానికల్లా 40 మి.మీ. దిగి కూర్చుంది. దాన్ని మళ్లీ ఇంటి ముందు పైకెత్తడం నేర్చుకోడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మధ్యలో ఒక బండ పగిలింది, ఒకసారి జాక్ కారు కిందే ఇరుక్కుపోయింది. అప్పుడు కారు కింద ఎవరూ లేరు కాబట్టి ఇలా తీరిగ్గా రాస్తున్నాను.

అసలు ఇదంతా ఏలూరు దాటాక హైవే మీద రాత్రి పూట పంచరైనప్పుడు మొదలైంది. డిక్కీలో ఉండే కత్తెర జాక్ పూర్తిగా మూసినా 95 మి.మీ. ఎత్తుంటుంది. గాలి ఉన్న టైరుతో నా కారు సిల్ (తలుపుల కింద పొడుగునా ఉండే బాడీ భాగం) అంచు నేలకి 132 మి.మీ. ఎత్తులో ఉంటుంది, కాబట్టి మామూలుగా దూరుతుంది. గాలి పోయాక అదే అంచు 75కి దిగిపోయింది. జాక్ చేతిలో ఉంది, పెట్టడానికి సందు లేదు. చివరికి ఒక లారీ క్లీనర్ తన చెక్క దిమ్మ తెచ్చి టైరు ముందు పెట్టి, "దీని మీదకి మెల్లగా ఎక్కించండి సార్" అన్నాడు. అంతే, జాక్ దూరింది. ఆ దిమ్మ సంగతి అప్పుడే బుర్రకెక్కి ఉంటే మొదటి రెండు ఆదివారాలు మిగిలేవి.

మొదటి ఆదివారం

పని: ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చడం. సాధనం: బావ దగ్గర అడిగి తెచ్చిన 2 టన్నుల ట్రాలీ జాక్, అంటే చక్రాల మీద దొర్లుతూ హ్యాండిల్‌తో పంపు కొడితే లేచేది. దాని కనీస ఎత్తు 135 మి.మీ. నా సిల్ 132. మూడు మి.మీ. దగ్గర కథ ఆగిపోయింది. నేనూ మా తమ్ముడూ బంపర్ పట్టుకుని కాస్త ఎత్తి జాక్ తోద్దామని చూశాం. ఆ పని చెయ్యకండి. నడుము పట్టేసింది, బంపర్ క్లిప్ ఒకటి ఊడింది.

తక్కువ ఎత్తు జాక్ కొందామని ఆ సాయంత్రం వెతికాను. 80 మి.మీ. నుంచి మొదలయ్యేవి ఉన్నాయి కానీ బరువు 30 కిలోల దాకా, ధర కూడా దానికి తగ్గట్టే. కారు 60, 70 మి.మీ. దించినవాళ్లకి అది తప్పదేమో. నాకు 40కి అంత అవసరం అనిపించలేదు. ఇంకో మాట, ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెం.మీ. దాటకూడదు. మా కాలనీ వాళ్లు వేయించుకున్నవి చూస్తే ఆ సంగతి వాళ్లదాకా వచ్చినట్టు లేదు. నా 40 మి.మీ. కన్నా ఎక్కువ దించితే ఇంటికి రావడమే కష్టం.

రెండో ఆదివారం

సామిల్లుకి వెళ్లి ఒకటిన్నర అంగుళం మందం, పది అంగుళాల వెడల్పు ఉన్న వేప చెక్కలు కోయించాను. మూడున్నర అడుగులవి రెండు, రెండున్నర అడుగులవి రెండు. పొడుగు చెక్క మీద పొట్టిది పెట్టి స్క్రూలు బిగిస్తే మెట్టులాగా వచ్చింది. మొత్తం ఎత్తు 76 మి.మీ. ముందు అంచులు ఏటవాలుగా చెక్కించాను. చివర అడ్డంగా ఒక బద్ద కొట్టాను, టైరు దాటి పోకుండా. ఖర్చు కోతతో కలిపి 600. బంపర్ కింది అంచు 120 మి.మీ. ఎత్తులో ఉంది కాబట్టి చెక్కలు తగలకుండా దాని కిందనుంచి టైరు దాకా వెళ్తాయి. మామూలు ఇనప ర్యాంపులైతే టైరు కన్నా ముందు బంపరే ఎక్కేది.

ముందు చక్రాలు రెండూ ఎక్కించాక సిల్ ముందు భాగం 198 మి.మీ.కి వచ్చింది. ట్రాలీ జాక్ హాయిగా దూరింది. నాలుగు పంపులు కొట్టానో లేదో, టప్‌మని చప్పుడు.

మా ఇంటి ముందు కడప బండలు పరిచారు. ట్రాలీ జాక్ చెయ్యి నిట్టనిలువుగా లేవదు, గుండ్రంగా లేస్తుంది. లేచేకొద్దీ దాని తల హ్యాండిల్ వైపు జరుగుతుంది కాబట్టి, జాక్ మొత్తం చక్రాల మీద కారు కిందికి దొర్లాలి. దొర్లకపోతే తల సిల్ మీద జారుతుంది, లేదంటే కారునే పక్కకి లాగుతుంది. నా జాక్ ముందు చక్రం రెండు బండల మధ్య సందులో పడి ఆగిపోయింది. ఆ బండ కింద మట్టి కుంగి డొల్లగా ఉందని నాకేం తెలుసు? మూల పగిలింది, జాక్ వాలింది, తల రెండు సెం.మీ. పక్కకి జారింది. జాక్‌ని దింపే వాల్వ్ మెల్లగా వదిలి దింపేశాను. చేతులు వణికాయి. అరుగు మీద నుంచి చూస్తున్న నాన్న, "ఒరేయ్, దాని కింద తల పెడితే మాత్రం నేను గేటుకి తాళం వేస్తా" అన్నారు. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను.

మూడో ఆదివారం

ఈసారి ముందు నేల పని. గేటు వైపు వాన నీళ్లు పోవడానికి వాలు ఉంది. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి చూస్తే గోడ పక్కన ఒక కారు నిలిపేంత చోటు దాదాపు చదునుగా ఉంది. జాక్ కింద వెయ్యడానికి 18 మి.మీ. ప్లైవుడ్, దాని మీద 3 మి.మీ. ఇనప రేకు. ఒట్టి ప్లైవుడ్ అయితే జాక్ ఇనప చక్రాలు అందులో దిగబడి దొర్లవు, అందుకే రేకు. బరువు ఒక్కచోట పడకుండా ప్లైవుడ్ పంచుతుంది. ఇంత చేస్తే జాక్ ఎత్తు మళ్లీ 21 మి.మీ. పెరిగింది. అదృష్టం కొద్దీ చెక్కల మీద కారుకి ఆ వెసులుబాటు ఉంది.

తర్వాత అసలు చిక్కు: జాక్ సిల్ పాయింట్ (సిల్ కింద జాక్ ఆనించే బలమైన చోటు) దగ్గర పెడితే, ఎత్తిన కారుని మోసి ఉంచే జాక్ స్టాండ్ ఎక్కడ పెట్టాలి? రెండింటికీ అదే చోటు కావాలి. నేను ఎంచుకున్న దారి, కాస్త లోపలగా సబ్‌ఫ్రేమ్ (ముందు సస్పెన్షన్ బిగించే ఇనప చట్రం) వెనక భాగంలో, చక్రాన్ని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్ బుష్ బిగించే బలమైన చోట జాక్ పెట్టడం, సిల్ పాయింట్ కింద స్టాండ్ పెట్టడం. ఇంజన్ సంప్ (కింది నూనె తొట్టి), గేర్‌బాక్స్, ఎగ్జాస్ట్ గొట్టం, ఇవి బరువు మోసేవి కావు, వాటి జోలికి పోకూడదు. మీ కారు వేరైతే దాని మాన్యువల్లో చూపించిన పాయింట్లే వాడండి.

సిల్ కింద నిలువుగా దిగే సన్న రేకు అంచు ఉంటుంది. స్టాండ్ తల నేరుగా దానికి తగిలితే అంచు మడత పడి, రంగు లేచి, తర్వాత తుప్పు పడుతుంది. పంచర్ షాపులో మందపాటి రబ్బరు ముక్కలు అడిగి తెచ్చి, సబ్బు నీళ్లు పోస్తూ హాక్సా బ్లేడుతో మధ్యలో గాడి కోశాను. అంచు గాడిలోకి దిగాలి, దాని పక్కనున్న చదును భాగం రబ్బరు మీద ఆనాలి. ఒక్కో ముక్కకి ముప్పావు గంట పట్టింది. సబ్‌ఫ్రేమ్‌కి మాత్రం గాడి లేని ముక్క చాలు.

ఇక హ్యాండ్‌బ్రేక్. "హ్యాండ్‌బ్రేక్ వేశాను, గేర్లో పెట్టాను, ఇంకేం టెన్షన్" అని నేనూ అనుకునేవాణ్ణి. ఈ కారులో హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలని, గేరు పట్టుకునేది ముందు చక్రాలని. ముందు ఒక్క చక్రం గాల్లోకి లేచిందా, గేరు పట్టు పోయినట్టే. రెండు చక్రాలనీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లోది వెనక్కి తిరుగుతుంటే నేల మీదున్నది ముందుకి దొర్లగలదు. అప్పుడు కారుని ఆపేది హ్యాండ్‌బ్రేకూ, వెనక టైర్లకి అటూ ఇటూ పెట్టిన దిమ్మలూ. వెనక భాగం మొత్తం లేపితే కథ తిరగబడుతుంది: హ్యాండ్‌బ్రేక్‌కి నేల మీద పట్టు ఉండదు, గేరూ ముందు టైర్ల దిమ్మలే దిక్కు. ఇటుకలు, హాలో బ్లాకులు మాత్రం దేని కిందా వద్దు. అవి కుంగవు, చెప్పాపెట్టకుండా పేలినట్టు పగులుతాయి.

ఆ రోజు జరిగిన వరస ఇది. టైరు చెక్క మీద ఆని ఉండగానే 17 నంబరు సాకెట్‌తో బోల్టులు అర చుట్టు వదులు చేశాను. జాక్ పెట్టి పొట్టి పంపులు కొట్టాను, ఎందుకంటే హ్యాండిల్ పూర్తిగా ఎత్తితే సిల్‌కి తగులుతుంది. నాలుగు పంపులకొకసారి లేచి వెళ్లి వెనక దిమ్మలు, జాక్ తల, రబ్బరు చూసుకున్నాను. నా స్టాండ్ల కనీస ఎత్తు 270 మి.మీ., రబ్బరుతో 290 దాటుతుంది. సిల్ 300 దాకా లేచాక స్టాండ్ పెట్టి, వాల్వ్ పావు చుట్టు తిప్పి, బరువు మెల్లగా స్టాండ్ మీదకి దింపాను. జాక్ సబ్‌ఫ్రేమ్‌ని ఆనీ ఆననట్టు అక్కడే వదిలేశాను. అప్పుడు పక్కకి నిలబడి తుంటితో కారుని గట్టిగా నెట్టాను. పడేదేదో నేను కింద లేనప్పుడే పడాలి. పడలేదు. విప్పిన చక్రాన్ని సిల్ కిందికి పడుకోబెట్టాను, స్టాండ్ జారినా అది ఆపుతుంది. ఒట్టి జాక్ మీద కారు ఉంచి పని చెయ్యడం అసలు లేదు. లోపల నూనెని ఆపేది ఒక చిన్న రబ్బరు సీలు, అది ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు.

ప్యాడ్లు మార్చడం గంటలో అయిపోయింది. దింపడంలో బోల్తా పడ్డాను. టైరు లేచాక చెక్కని పక్కకి లాగేశాను, చక్రం బిగించాక దాన్ని మళ్లీ కింద పెట్టడం మర్చిపోయాను. స్టాండ్ తీసి జాక్ దింపుతుంటే ఒక దశలో ఆగిపోయింది. జాక్ పూర్తిగా మూసుకుంది, కారు ఇంకా దాని మీదే ఉంది. మళ్లీ పంపు కొడదామంటే హ్యాండిల్ ఎత్తడానికి సిల్ అడ్డం. ఏలూరు రాత్రి పనికిరాని కత్తెర జాకే ఇప్పుడు కాపాడింది: సిల్ పాయింట్ దగ్గర పెట్టి ఎత్తి, టైరు కింద చెక్క తోసి, దింపాను. ట్రాలీ జాక్ బయటికొచ్చింది. ఇప్పుడు ఆ చెక్కల మీద సుద్దతో "దింపే ముందు నేను" అని రాసి పెట్టాను. తమ్ముడు నవ్వుతాడు, నవ్వనీ.

నాలుగో ఆదివారం

వెనక వైపు. చెక్కల మీదకి రివర్సులో ఎక్కించాను. పోలోలో వెనక స్ప్రింగు షాక్ అబ్సార్బర్‌కి చుట్టుకుని ఉండదు, విడిగా బీమ్‌కీ (వెనక చక్రాలు రెంటినీ కలిపే అడ్డ దూలం) బాడీకీ మధ్య కూర్చుంటుంది. పొట్టి స్ప్రింగు వేశాక చక్రం పూర్తిగా వేలాడితే అది వదులై సీటులోంచి కదలొచ్చు. నాది కుడి వైపు వేలితో తిప్పితే తిరిగింది. అందుకే దింపే ముందు టార్చి వేసి స్ప్రింగు చివర దాని గాడిలోనే ఉందా అని చూసి, చేత్తో సర్ది, అప్పుడే బరువు వదిలాను.

చక్రం ఎక్కించడానికి ఒక చిన్న ఏర్పాటు. ఈ కారుకి హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) లోంచి పొడుచుకొచ్చే స్టడ్డులుండవు, విడి బోల్టులే. ఒక చేత్తో చక్రం మోస్తూ రెండో చేత్తో రంధ్రం వెతకాలి. లేతు షాపులో పాత చక్రం బోల్టు లాంటిదే పొడవుది తల కోయించి, చేత్తో తిప్పడానికి కొసన గాటు పెట్టించాను. అది హబ్‌లో బిగిస్తే చక్రం దానికే వేలాడుతుంది. మిగతా బోల్టులు పెట్టాక తీసేయడమే. బిగింపు నేల మీదకి దింపాక, ఎదురెదురు వరసలో, టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లు. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి.

దింపగానే ఎత్తు కొలిస్తే 15 మి.మీ. ఎక్కువ వచ్చి కంగారుపడ్డాను. టైర్లు నేలని పట్టుకుని జరగలేక కారుని పైనే ఆపేస్తాయి. వీధి చివరిదాకా వెళ్లొచ్చి కొలిస్తే మామూలే. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎడమ 338, కుడి 334. ఆ నాలుగు మి.మీ. కుడి వెనక స్ప్రింగు కింది రబ్బరుదని నా అనుమానం. కొత్త రబ్బరుకి చెప్పాను. చెక్కల్లో మిగిలిన రెండడుగుల ముక్కకి ముందు అంచు చెక్కి డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టాను.