పాలెగాడు బయటికెందుకొచ్చాడు?

జానపద కథతో సినిమా తీస్తున్నారంటే చాలు, మొదటి వార్త గ్రాఫిక్స్ బడ్జెట్ గురించే వస్తుంది. ఎన్ని కోట్లు, ఏ దేశంలో చేయిస్తున్నారు, డ్రాగన్ ఎంత పెద్దగా ఉంటుంది. కథలో షరతు ఏంటి అని మాత్రం ఎవరూ అడగరు. నాకు కావాల్సింది అదొక్కటే.

షరతు అంటే ఏం లేదు. మాయలూ మంత్రాలూ ఉన్న కథలో ఏదైనా జరగొచ్చు అనుకుంటాం గానీ, నిజానికి ఏది పడితే అది జరిగితే ఆ కథ చచ్చిపోతుంది. రాజకుమారి కుక్కగా మారిపోవచ్చు, గుర్రం ఎగరొచ్చు, ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని ఒకసారి చెప్పాక, వాణ్ణి కత్తితో పొడిచి చంపకూడదు. అది చెల్లదు. పిల్లలు వెంటనే పట్టేస్తారు, పెద్దవాళ్ళం టికెట్ డబ్బులు పెట్టాం కదా అని సర్దుకుంటాం.

ఈ పిచ్చి నాకు మా ఊరి జాతర దగ్గర పట్టుకుంది. తిరుపతంటే బయటివాళ్ళకి కొండ, లడ్డు, క్యూలైను. ఊళ్ళో పుట్టినవాళ్ళకి మే నెలలో వచ్చే తాతయ్యగుంట గంగమ్మ జాతర వేరే లోకం. చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటి వెళ్ళి రాత్రి బయట ఉండకూడదంటారు (బెంగళూరులో ఇంటర్వ్యూ ఉందన్నా మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు). ఆ తర్వాత రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటి నిండా తెల్ల సుద్ద, బండ వేషానికి ఎర్రగా కుంకుమ, తోటి (ఊరి వెట్టివాడు) వేషానికి నల్లగా బొగ్గుపొడి, నెత్తిన వేపమండలు. వేషం కట్టినవాళ్ళు దారిన పోయేవాళ్ళని నోటికొచ్చిన బూతులు తిడతారు, తిట్లు తిన్నవాళ్ళు నవ్వుకుంటూ పోతారు, మిగతా ఏడాదిలో అదే మాటంటే తలకాయలు పగులుతాయి. తర్వాత దొర వేషం, ఆ తర్వాత మాతంగి వేషం. చిన్నప్పుడు మాకు ఇదంతా బొగ్గు పూసుకుని తిరిగే సెలవుల ఆట. దీని వెనక కథ ఉందని మా అవ్వ చెప్పేదాకా తెలీదు.

కథ చిన్నదే. ఊరిని ఏలే పాలెగాడు ఒకడు. ఆడపిల్లల్ని బతకనివ్వడు, కొత్త పెళ్ళికూతుళ్ళని కూడా వదలడు. వాడి కన్ను గంగమ్మ మీద పడింది. ఆమె తన అసలు రూపం చూపించేసరికి పరుగెత్తి ఎక్కడో దాక్కున్నాడు. ఆమె వెతకాలి. బైరాగిలా వచ్చింది, వాడు బయటికి రాలేదు. బండలా వచ్చింది, రాలేదు. తోటిలా వచ్చింది, అప్పుడూ రాలేదు. చివరికి దొరలా వచ్చింది. వచ్చాడు. తల తెగింది.

దొర పేరెత్తితే ఎందుకొచ్చాడు? నేను అడిగాను, అందరు పిల్లలూ అడుగుతారు. అవ్వ జవాబు నాకింకా గుర్తుంది. "దొర వచ్చి వాకిట్లో నిలబడితే పాలెగాడు లోపల కూసోగలడా నాయనా? రావాల్సిందే." వాడికి తెలివి తక్కువై కాదు, ధైర్యం వచ్చి కాదు. ఊరంతటికీ వాడు దొర, వాడి పైన ఇంకో దొర ఉంటాడు, పైవాడు వస్తే కిందవాడు దండం పెట్టాలి. ఏ అధికారం చూసుకుని వాడు ఊరిని ఏడిపించాడో అదే అధికారం వాణ్ణి గుమ్మం దాటించి బయటికి లాగింది. దేవతకి శక్తి లేక వేషాలు వేయలేదు, తలుచుకుంటే ఆ ఇల్లు కూల్చి లాగొచ్చు. కూలిస్తే కథ లేదు.

మన పాత కథల్లో ఈ కిటుకు ఎన్నిచోట్ల ఉందో చూడండి. బాలనాగమ్మని మాయల ఫకీరు కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. వాడి మంత్రాలకి ఎదురు లేదు. ఆమె ఏం చేస్తుంది? నోము పట్టానంటుంది, అది తీరేదాకా తాకొద్దంటుంది. అంతటి ఫకీరూ నోరు మూసుకుని ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంటాడు, ఈలోపు ఆమె కొడుకు బాలవర్ధి పెరిగి పెద్దవాడై ఫకీరు ప్రాణం ఉన్న చిలకని వెతుక్కుంటూ బయల్దేరతాడు. బుర్రకథల్లో ఊరూరా తిరిగిన ఈ కథని 1942లో జెమినీ వాళ్ళు సినిమాగా తీశారు, చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వం, కాంచనమాల బాలనాగమ్మ. కత్తియుద్ధాల కంటే ఆ నోము మాటే నాకు పెద్ద యుద్ధంలా అనిపిస్తుంది. ఇప్పుడెవరైనా ఈ కథ తీస్తే ఆ ఏళ్ళన్నీ ఒక పాటలో తోసేసి కొడుకు ఇంట్రో ఫైట్‌కి వెళ్ళిపోతారని నా అనుమానం.

పాతాళభైరవి గురించి మాట్లాడకుండా ఈ సబ్జెక్ట్ ముగించలేం. 1947లో చందమామ మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే 1951లో ఈ సినిమా తీశారు. పొద్దున పిల్లల కథలు అచ్చు వేసి సాయంత్రం సినిమా తీసినట్టే, ఆ చేతులకి కథ ఎక్కడ బిగుసుకోవాలో తెలుసు. నాగిరెడ్డి కడప జిల్లా మనిషి, దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రి వైపు నుంచి వచ్చినవాడు, కాబట్టి మా సీమవాళ్ళం ఇది మన సినిమా అని కొంచెం ఎక్కువే చెప్పుకుంటాం, ఏమనుకోకండి. కాశీమజిలీ కథల్లోంచి తీసుకున్న కథకి పింగళి నాగేంద్రరావు రాతలు, మార్కస్ బార్ట్లీ కెమెరా.

మొన్న సెలవులకి వచ్చిన మా మేనల్లుడికి ఫోన్‌లో పెట్టి చూపించాను. పదేళ్ళవాడు. మొదట ఉద్యానవనం, రాజకుమారి, పాట, అంతసేపూ వాడి వేలు స్క్రీన్ మీదే ఉంది, ముందుకు జరపడానికి. కొలను దగ్గర వేలు తీసేశాడు. మాంత్రికుడు హీరో తోటరాముణ్ణి స్నానం చేసి రమ్మంటాడు, బలికి ముందు స్నానం అని వాడికి తెలీదు. నీళ్ళలో మొసలి. చంపితే శాపం తీరిన అప్సరస అయి, నిన్ను బలివ్వబోతున్నాడ్రా అని చెప్పి పోతుంది. రాముడు పారిపోడు. తిరిగొచ్చి మాంత్రికుణ్ణే అమ్మవారికి బలిస్తాడు. ఆమె కోరింది చేసిపెట్టే ప్రతిమ ఇస్తుంది.

"మామా, ఆమెకి వాడు చెడ్డోడని తెలుసు కాబట్టి ఇచ్చిందా?" అన్నాడు మావాడు.

కాదు. అదే అందులో గొప్ప. ఆమెకి సాహసి బలి కావాలి, వచ్చింది, ఇచ్చింది. బలిచ్చింది ఎవరు, బలయ్యింది ఎవరు అని ఆమె చూడదు. ప్రతిమ కూడా అంతే, చేతిలో ఉన్నవాడి మాట వింటుంది. అందుకే తర్వాత మాంత్రికుడు మళ్ళీ బతికొచ్చి ప్రతిమ కాజేస్తే, నిన్నటిదాకా హీరోకి మేడలు కట్టిన దేవతే ఇవాళ విలన్ పనులు చేసిపెడుతుంది. మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు నటన గొప్పదే, కానీ ఆ పాత్రకి భయం పుట్టించింది సగం ఈ న్యాయమే. దేవుడు మంచివాళ్ళ వైపు ఉంటాడన్న భరోసా లేదు ఆ కథలో. ఇప్పటి సినిమాల్లో క్లైమాక్స్‌కి విగ్రహం కళ్ళలోంచి వెలుగొచ్చి హీరో లేచి నిలబడతాడు చూడండి, అక్కడ నాకు ఫోన్ తీయాలనిపిస్తుంది.

బయటి దేశాలవాళ్ళు మనకంటే బాగా చేశారా అంటే, వాళ్ళదీ కలగలుపే. సిండ్రెల్లా కథ గ్రిమ్ సోదరుల దగ్గర ఒకలా ఉంది, ఫ్రాన్స్‌లో పెరో అనే రచయిత 1697లో అచ్చేసినప్పుడు ఇంకోలా ఉంది. గ్రిమ్ కథలో అమ్మ సమాధి మీద మొలిచిన చెట్టు బట్టలిస్తుంది, అక్కలు జోడు పట్టించడానికి కాలివేలు, మడమ కోసుకుంటారు. అర్ధరాత్రి గడువు పెరోది, గాజు చెప్పూ ఆయనదే. 1950లో డిస్నీ వాళ్ళు పెరోనే పట్టుకున్నారు, పట్టుకోరా మరి, గడియారం పన్నెండు కొట్టడం కంటే సినిమాకి పనికొచ్చే షరతు ఇంకేముంది. పైగా వాళ్ళే ఒకటి కలిపారు: సవతి తల్లి గాజు చెప్పు పగిలేలా చేస్తుంది, అప్పుడు ఆ పిల్ల రెండోది తీస్తుంది. జేబులోంచి రెండో చెప్పు తీయడం పెరో కథలోనే ఉంది, మొదటిది పగలడం మాత్రం ఒరిజినల్‌లో లేకపోయినా కథ ఒప్పుకునే కల్పన.

స్నోవైట్‌లో మాత్రం నాకు పేచీ ఉంది. గ్రిమ్ కథలో రాణి మూడుసార్లు వస్తుంది, ఒకసారి నడుముకి బిగించే తాడుతో, ఒకసారి దువ్వెనతో, చివరికి ఆపిల్‌తో. 1937 సినిమాలో ఆపిల్ ఒక్కటే మిగిలింది. ముద్దుతో లేవడం కూడా కథలో లేదు, శవపేటిక మోసేవాళ్ళు తడబడితే గొంతులో ముక్క ఊడిపడుతుంది. కుదుపుకి ఊడిపడటం తెర మీద బాగోదనుకున్నారేమో. నాకైతే అదే ఇష్టం. ఆండర్సన్ జలకన్య సంగతి ఇంకా దారుణం, నాలుక కోయించుకుని కాళ్ళు తెచ్చుకుంటుంది, అడుగడుగునా కత్తుల మీద నడిచినట్టు నొప్పి, రాకుమారుడు వేరే పిల్లని పెళ్ళాడితే మర్నాడు తెల్లారేసరికి నురగైపోవాలి. 1989 సినిమాలో గొంతు పోగొట్టుకోవడం ఉంచారు, ధర తగ్గించారు, పెళ్ళి చేశారు. అయినా మూడో రోజు సూర్యాస్తమయం లోపు ముద్దు పెట్టాలని గడువు పెట్టారు కాబట్టి టెన్షన్ నిలబడింది. నురగ పోయినందుకు నేను క్షమించలేదు, అది వేరే.

ఇక అసలు చెప్పాలనుకున్నది. 2024లో పుష్ప రెండో భాగం వచ్చినప్పుడు మా జాతర దేశమంతా చూసింది. అల్లు అర్జున్ చీర కట్టి ఆడుతుంటే మా ఊరి థియేటర్లో కాగితాలు ఎగిరాయి, నేనూ ఈల వేశాను. మగవాళ్ళు మొక్కుకుని చీర కట్టడం జాతరలో ఉన్నదే, అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ అది మొక్కు. కింద ఉన్న కథ తిరగేసి ఉంటుంది: అక్కడ ఆడది మగ దొర బట్టలు వేసుకుంటుంది. తెర మీదికి మొక్కు వచ్చింది, కథ ఇంకా రాలేదు. అమ్మాయిని కాపాడ్డానికి హీరో పూనకంతో లేవడం చూడ్డానికి బాగుంది. ఆడపిల్ల తనే దొరై వాకిట్లోకొచ్చి నిలబడటం ఇంకా ఎవరూ తీయలేదని నా బాధ.

ఎవరైనా తీస్తే వేషాలు తగ్గించొద్దు. రాలేదు, రాలేదు, రాలేదు అని విన్నాకే వచ్చాడు అన్న మాటకి బరువు. కెమెరా ఆమె వెంట తిరక్కుండా ఎక్కువసేపు పాలెగాడితో పాటు లోపలే ఉండాలి, బయట బైరాగి గొంతు, బూతులు, డప్పులు వినబడుతూ. ఇక్కడే మా మేనల్లుడికీ నాకూ తేడా వచ్చింది. దొర వేషంలో ఉన్నది గంగమ్మే అని మనకి ముందే తెలియాలా వద్దా? తెలియాలి, జాతరలో ఊరంతటికీ తెలుసు, తెలిసే చూస్తాం అని నేను. వద్దు మామా, తలపాగా తీసినప్పుడే తెలియాలి, అప్పుడు ఈల పడుద్ది అని వాడు. పాలెగాడు గడప దాటేటప్పుడు మ్యూజిక్ ఉండకూడదన్న ఒక్క విషయంలోనే ఇద్దరం ఒప్పుకున్నాం.