కాలిన చేతులు, పక్క సీటు

మాది తెనాలిలో టెంట్‌హౌస్ వ్యాపారం. మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో ఒక రాత్రి కరెంటు పోయింది. వేడిగా ఉన్న జనరేటర్లో కుర్రాడు పెట్రోలు పోస్తుంటే నేను పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డాను. భగ్గుమంది. వాడికి జుట్టు, కనుబొమలు కమిలాయి. నాకు మొహం, మెడ, రెండు చేతులు కాలాయి. వంటవాళ్లలో ఒకాయన బిందెల కొద్దీ నీళ్లు పోస్తూనే ఉన్నాడు. రాయమని టూత్‌పేస్ట్ తెచ్చిన పెద్దమనిషిని కసిరి పంపేశాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు ముందు మెచ్చుకుంది ఆ వంటాయన్నే.

బర్న్స్ వార్డులో రోజంతా డ్రెస్సింగ్ టైమ్ గురించిన టెన్షనే. ట్రాలీ చక్రాల చప్పుడు వినపడగానే వార్డంతా గప్‌చుప్. అంటుకుపోయిన గాజుగుడ్డని సెలైన్‌తో, అంటే ఉప్పునీళ్లతో, నానబెట్టి, అంచు పట్టుకుని మెల్లగా లేపేవాళ్లు. ఎంత మెల్లగా లేపినా కేక ఆగేది కాదు. తర్వాత చేతులకి గ్రాఫ్టింగ్ చేశారు. బంగాళదుంప చెక్కు తీసినట్టు తొడ మీంచి పల్చగా చర్మం తీసి చేతుల మీద పరిచారు. చిత్రమేమిటంటే, కాలిన చేతుల కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండింది.

ఇంటి నుంచి పథ్యం గొడవ ఒకటి. గుడ్డు పెడితే చీము పడుతుందని మా అత్తగారు. పుండు మానాలంటే ప్రొటీన్ కావాలి, రోజూ గుడ్లు పెట్టండని డాక్టరుగారు. మా ఆవిడ ఇద్దరికీ సరేనని తలూపి, నాకు మాత్రం గుడ్లే పెట్టింది.

ఒకరోజు డ్రెస్సింగ్ మధ్యలో నన్ను మాటల్లో పెట్టడానికి డాక్టరుగారు మెకిండో కథ ఎత్తుకున్నారు. న్యూజిలాండ్‌లో పుట్టిన ప్లాస్టిక్ సర్జన్. రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌కి దక్షిణాన ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ అనే ఊళ్లో, కాలిన వైమానికులకు వైద్యం చేశాడు. అప్పట్లో కాలిన చోట ట్యానిక్ యాసిడ్ అనే మందు పూసేవాళ్లు. అది గట్టి పెచ్చులా కట్టి వేళ్లు వంగనిచ్చేది కాదు. నేలమీద కూలినవాళ్ల కంటే సముద్రంలో పడినవాళ్ల గాయాలు బాగా మానుతున్నాయని గమనించి, మెకిండో ఆ పూత మాన్పించి ఉప్పునీటి స్నానాలు పెట్టించాడు. "నీ సెలైన్‌కి కూడా అంత కథ ఉందయ్యా" అన్నారు డాక్టరుగారు. నొప్పి తగ్గలేదుగానీ ఆ మనుషులెవరో తెలుసుకోవాలనిపించింది. కట్టు విప్పాక, వేలి కణుపుతో ఫోన్ నొక్కుతూ చదివాను.

1941 జులైలో మెకిండో ఆస్పత్రి పేషెంట్లు, ప్రయోగాలకి వాడే జంతువు పేరుతో, గినీ పిగ్ క్లబ్ అని పెట్టుకున్నారు. మొదట 39 మంది, యుద్ధం ముగిసేసరికి 649. కాళ్లు కాలినవాణ్ణి ట్రెజరర్ని చేశారట, డబ్బుతో పారిపోలేడని. చేతులు కాలినవాణ్ణి సెక్రటరీని చేశారట, మీటింగ్ మినిట్స్ ఎక్కువ రాయలేడని. వార్డులో బీరు పీపా ఉండేది. మా వార్డులో ఆ ఊసెత్తితే హెడ్‌నర్సు ఏం చేసేదో ఊహించుకోవచ్చు.

మొదట్లో ఫైటర్ పైలట్లు ఎక్కువ, తర్వాతర్వాత బాంబర్ల సిబ్బందే ఎక్కువ. లాంకాస్టర్ అనే బాంబర్ విమానంలో ఏడుగురు ఉండేవాళ్లు. రెక్కల్లో రెండువేల గాలన్లకు పైగా పెట్రోలు. ఇరుకు దారుల్లో, చీకట్లో బయటపడాలి. బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. లీటరో రెండు లీటర్లో పెట్రోలు నన్నింత చేస్తే, వాళ్లు రోజూ దాని మధ్య కూర్చుని ఎలా ఎగిరారో!

అయితే వాళ్ల విమానాలు మోసుకెళ్లిందీ మంటే. 1943 జులైలో హాంబర్గ్ మీద వేసిన బాంబులకి లేచిన మంటల్లో వేలాదిమంది మామూలు జనం కాలిపోయారు. డ్రెస్సింగ్ ట్రాలీకి భయపడిన మనిషిగా నాకు ఆ సంగతి వదిలేసి ఈ కథ చెప్పుకోవడం చేతకాదు.

వాళ్లందరిలో నేను ఎక్కువగా తలుచుకునేది బిల్ ఫాక్స్‌లీని. నావిగేటర్, అంటే విమానానికి దారి చూపే మనిషి. 1944 మార్చిలో, శిక్షణలో ఉండగా వెల్లింగ్టన్ బాంబర్ కూలింది. తను దెబ్బ తగలకుండా బయటపడ్డాడు. లోపల చిక్కుకున్న వైర్‌లెస్ ఆపరేటర్ కోసం మళ్లీ మంటల్లోకి దూరాడు. ఆ మనిషి బతకలేదు. ఫాక్స్‌లీకి కుడికన్ను పోయింది, మొహం, చేతులు ఘోరంగా కాలాయి. మూడున్నరేళ్లలో 30కి దగ్గరగా ఆపరేషన్లు. ఆ తర్వాత ఉద్యోగం చేశాడు, రైల్లో లండన్ వెళ్లొచ్చేవాడు. ఆయన పక్క సీటు చాలాసార్లు ఖాళీగానే ఉండేదట. 2010లో పోయాడు.

ఆ ఖాళీ సీటు నాకు తెలుసు. డిశ్చార్జ్ అయ్యాక గుంటూరు బస్సులో చెకప్‌లకి వెళ్లేటప్పుడు, నిలబడ్డవాళ్లు కూడా నా పక్కన కూర్చునేవాళ్లు కాదు. కూర్చున్నవాళ్లు "అయ్యో, ఏమైంది బాబూ" అని మొదలుపెడితే నేను దిగేదాకా వదలరు. రెండిట్లో ఏది నయమో ఇప్పటికీ చెప్పలేను.

మెకిండో అయితే ఊరివాళ్లతోనే మాట్లాడాడు, మా కుర్రాళ్లు వీధిలోకి వస్తారు, తేరిపారజూడకండి, ఇళ్లకు పిలవండి అని. పేషెంట్లు ఆస్పత్రి బట్టల్లో కాకుండా యూనిఫాంలో సినిమాకీ పబ్‌కీ వెళ్లేవాళ్లు. తెనాలికి అలా చెప్పేవాళ్లెవరూ లేరు. నా వరకు ఆ పని చేసింది మా టెంట్‌హౌస్ కుర్రాళ్లు. మచ్చలు ఉబ్బకుండా వేసుకునే బిగుతైన ప్రెషర్ గ్లవ్స్‌తో ఇంట్లో కూర్చున్న నన్ను "అన్నా, లెక్కలు మాకు రావు, నువ్వొచ్చి కూర్చో" అని మండపానికి లాక్కెళ్లారు. మొదటి పెళ్లిలో స్టోర్‌రూమ్‌లో కూర్చున్నాను. రెండు పెళ్లిళ్లయ్యాక కుర్చీ గేటు దగ్గరికి మార్చారు, నన్ను అడక్కుండానే.

దురద చాలావరకు తగ్గింది. ఎండలోకి వెళ్తే మాత్రం మెడ చుట్టూ తువ్వాలు ఉండాల్సిందే. కుడిచేతి చిటికెన వేలు పూర్తిగా చాపుకోదు, దానికి చిన్న ఆపరేషన్ ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా, అప్పుడు చేయించుకోమన్నారు డాక్టరుగారు. కుర్రాళ్లేమో ఆషాఢంలోనే షామియానాలు ఉతికించాలి, కుర్చీలకి రంగులు వేయించాలి, శ్రావణానికి అడ్వాన్సులు తీసుకున్నాం అంటున్నారు. కుర్చీల రంగు వాళ్లనే చూసుకోమన్నాను.