నాయన బండి నా పేరుకు మారిన మూడు నెలలు

2023 నవంబరులో నాయన మమ్మల్ని విడిచి వెళ్ళారు. అస్థికలను పెన్నలో కలిపి, పెద్దకర్మ ముగించి, బంధువులంతా సెలవు తీసుకున్న తరువాత పేర్లు మార్పించవలసిన కాగితాలు వరుసగా ముందుకు వచ్చాయి. బ్యాంకు ఖాతా, కరెంటు మీటరు, ఇంటి పన్ను విషయంలో నాకు సంకోచం కలగలేదు. కానీ ఏపీ 26తో మొదలయ్యే నంబరు గల, 1990లో ఆయన కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడలేదు. ఆ ఆర్సీ మీద ఉన్న ఆయన పేరును నా చేతులతో నేనే తీసివేయించాలన్న ఆలోచన ఎంతమాత్రం సహించరానిదిగా తోచింది.

బండి యజమాని మరణిస్తే, ఆ సంగతిని 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలని, మరణించిన నాటి నుండి మూడు నెలలలోగా ఫారం 31తో యాజమాన్య మార్పిడికి దరఖాస్తు చేయాలని నాకు అంతకు ముందు తెలియదు. అమ్మకానికి వాడే ఫారాలు వేరు, వారసత్వానికి వాడే ఈ ఫారం వేరు. పరిచయస్థుడొకరు ఈ సంగతి చెప్పేనాటికి ఇరవై రోజులు గడిచిపోయాయి. ఆ సాయంత్రమే ఉత్తరం రాసి, మరుసటి రోజు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

ఆర్సీ కోసం నాయన ట్రంకుపెట్టె తెరిచాను. పెట్టెలో బండి కాగితాలన్నీ ఒకే కవరులో, పాత ఆర్సీ పుస్తకం మొదలు చివరి బీమా పత్రం వరకు, తేదీల వరుసలో ఉన్నాయి. వాటి అడుగున షోలవరం రేసుల టికెట్లు కనిపించాయి. నెల్లూరు నుండి జీఎన్‌టీ రోడ్డు మీద మద్రాసుకు పోతుంటే, ఊరు ఇంకా రాకముందే తగిలే ఆ షోలవరంలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఒకప్పుడు మోటారు పందేలు జరిగేవి. పెళ్ళికి ముందు నాయన తెల్లవారుజామున మద్రాసు బస్సెక్కి అక్కడ దిగి, రోజంతా ఎండలో నిలబడి, రాత్రికి ఇల్లు చేరేవారట. ఎజ్డీలు మలుపు తిరిగేటప్పుడు వచ్చే శబ్దాన్ని ఆయన నోటితో అనుకరిస్తే అక్కా నేనూ పడీపడీ నవ్వేవాళ్ళం. తరువాత పందేలు శ్రీపెరంబుదూరు సమీపంలోని కొత్త ట్రాకుకు మారినప్పుడు అక్కనూ నన్నూ కూడా తీసుకెళ్ళారు. ఇంత పిచ్చి ఉన్న మనిషి, మమ్మల్ని బడికి దింపేటప్పుడు మాత్రం బండి ముల్లును యాభై దాటనిచ్చేవారు కాదు. "రోడ్డు వేరు, ట్రాకు వేరు" అన్న మాట మా ఇంట్లో రోజూ వినిపించేది.

2005లో నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్ కారు పందేలలో అడుగుపెట్టిన తొలి భారతీయుడైనప్పుడు, నాయన ఆదివారం ఉదయాన్నే లేచి టీవీ ముందు కూర్చున్నారు. అదే ఏడాది ఇండియానాపొలిస్‌లో టైర్ల వివాదం వల్ల ఆరు కార్లే పరుగెత్తగా, కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి ఐదు పాయింట్లు గెలిచాడు. అది లెక్కలోకి రాదని బాబాయి అంటే, "తప్పుకున్నవాళ్ళను తప్పుకోమన్నది మనవాడు కాదు గదా" అని నాయన గట్టిగా వాదించారు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ మోటారుసైకిల్ పందెం ఆయన చూసిన చివరి రేసు. మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఇటలీ రైడరు బెజెక్కి గెలిచేవరకు కన్నార్పలేదు.

కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టాను. వీఆర్వో విచారణ తరువాత తహసీల్దారు సంతకానికి చాలా రోజులు పట్టింది. మరణ ధ్రువపత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆర్సీలో పొడి అక్షరంగా ఉన్నందున నోటరీ అఫిడవిట్టు ఒకటి అదనంగా ఇవ్వవలసి వచ్చింది. అభ్యంతరం లేదని అమ్మ, అక్క కూడా రాసివ్వాలి. ఒంగోలు నుండి వచ్చిన అక్క కలం చేతికి తీసుకుని, "ఎప్పటికీ అమ్మనని ముందు మాటివ్వు" అని అడిగి, నేను ఇచ్చాకే సంతకం చేసింది.

నన్ను నిజంగా కంగారు పెట్టింది కాలుష్య పరీక్ష. నెలల తరబడి కదలని టూస్ట్రోక్ బండి దట్టంగా పొగ వదలసాగింది. ఇంజనులో పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కాలుతుంది కాబట్టి, ఆ మసి సైలెన్సరులో పేరుకుని పొగదారిని మూసేస్తుంది. నాయన ఏటా సంక్రాంతికి ముందు సైలెన్సరు లోపలి గొట్టాన్ని ఊడదీసి, కిరసనాయిలులో నానబెట్టి, తీగబ్రష్షుతో రుద్దేవారు. నట్టును ఎటు తిప్పాలో తెలిసినా, ఎంత బిగించాలో నాకు తెలియదు. అమ్మ గడపలో కూర్చుని, ఆయన పక్కన కూర్చుని చూసిన ముప్పై మూడేళ్ళ జ్ఞాపకంతో, "ఇంకో అర చుట్టు, చాలు" అని చెప్పింది. మరునాడు పరీక్షలో కార్బన్ మోనాక్సైడు 4.5 శాతం పరిమితికి లోపలే నమోదైంది.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పూర్తిచేసి, ఫిబ్రవరి మొదటివారంలో, గడువుకు కొన్ని రోజుల ముందు, అసలు కాగితాలతోనూ బండితోనూ కార్యాలయానికి వెళ్ళాను. హ్యాండిలు కింద ఛాసిస్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దుతుంటే, ఒక్కొక్క అంకె తెల్లగా పైకి తేలింది. అధికారి బండిని ఒకసారి స్టార్టు చేయమన్నారు. రెండో కిక్కుకే అందుకుంది.

కొన్ని రోజులకు కొత్త ఆర్సీ ప్రింటు తీయించి అమ్మ చేతికిచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని పై నుండి చదివింది. యజమాని పేరు దగ్గర నా పేరు చూసి మౌనంగా ఉండి, కింది వరుసలో తండ్రి పేరు దగ్గర వేలు ఆపింది. "ఇక్కడే ఉన్నారు గదా అబ్బయ్యా" అంటూ కాగితాన్ని మడత పడకుండా కవరులో పెట్టి, ట్రంకుపెట్టెలో అన్నిటికన్నా పైన ఉంచింది.