వ, బ, ఫ: పర్లాకిమిడి నుంచి ఎర్‌ఫుర్ట్ దాకా

జర్మనీ ప్రయాణంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది నా పేరులోని మొదటి అక్షరం. ఇంట్లో అది 'వ'. ఒడియా వాడుకలో 'వ'కీ 'బ'కీ ఒకటే అక్షరం కాబట్టి, పర్లాకిమిడిలో నన్ను బడిలో వేసిన రోజునే అది 'బ' అయిపోయింది. టెన్త్ సర్టిఫికెట్లో 'బ', ఆధార్‌లో 'వ'. గజపతి జిల్లా తెలుగిళ్లలో ఇది కొత్త కాదు. వాసు బాసు అవుతాడు, వసంత బసంత అవుతుంది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టదు. పాస్‌పోర్టు దగ్గరే పీటముడి పడుతుంది.

ఆధార్‌నే 'బ'కి మార్చేసుకో, పని సులువు అన్నారు అందరూ. నాన్న ఒప్పుకోలేదు. "పేరు మా అమ్మది. మార్చేది బడి కాగితమే" అన్నారు. ఒక ఆఫీసులో బడికి వెళ్లమన్నారు, బడిలో బోర్డుకి వెళ్లమన్నారు. అఫిడవిట్, పేపర్లో ప్రకటన, నాలుగు నెలలు. మీ పేరులోనూ ఇలాంటి తేడా ఉంటే వీసా సంగతి తరవాత చూసుకోండి, ముందు ఈ పనికి దిగండి.

నేను వెళ్లింది ఉద్యోగానికీ కాదు, చదువుకీ కాదు. 27 ఏళ్ల లోపు వాళ్లు ఒక ఏడాది సమాజసేవ చేసే పద్ధతి జర్మనీలో 1964 నుంచి చట్టంగానే ఉంది. ఫ్రైవిల్లిగెస్ సోజియాలెస్ యార్ అంటారు. బయటి దేశాల వాళ్లనీ తీసుకుంటారు. జీతం ఉండదు. చేతిఖర్చుకి కొంత ఇస్తారు, ఆరోగ్య బీమా వాళ్లే కడతారు, ఏడాదికి 25 రోజులు సెమినార్లు పెడతారు. నాకు ఎర్‌ఫుర్ట్‌లో ఒక కిండర్‌గార్టెన్ దొరికింది. కిండర్‌గార్టెన్ అన్న మాట పుట్టింది కూడా ఎర్‌ఫుర్ట్ ఉన్న తురింగియా రాష్ట్రంలోనే. 1840లో ఫ్రోబెల్ అనే మాస్టారు బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే ఊళ్లో తన పిల్లల బడికి ఆ పేరు పెట్టారు.

ఇంట్లో చెప్పినప్పుడు మా మామ్మ అడిగింది: "మన గుంటల్ని సూడ్డానికే మనుషుల్లేరు, ఆళ్ల గుంటల్ని సూడ్డానికి ఎల్తావేటే?" నేర్చుకుని వస్తాను మామ్మా అన్నాను. ఆ మాట ఇచ్చినట్టే లెక్క, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఇక టీకా సంగతి. జర్మనీలో 2020 మార్చి 1 నుంచి ఒక చట్టం ఉంది. 1970 తర్వాత పుట్టినవాళ్లు పిల్లల బడిలో పనిచేయాలంటే తట్టు టీకా రెండు డోసులు పడ్డట్టు కాగితం చూపించాలి. లేదంటే రక్తపరీక్షలో తట్టు రోగనిరోధకత ఉందని తేలాలి. మన దేశంలో అందరికీ రెండో డోసు మొదలైందే 2010లో, అప్పటికి నేను బడికి వెళ్తున్నాను. పడిన ఒక్క డోసుకైనా కార్డు చూపిద్దామంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కప్పు లేచిపోయినప్పుడు ట్రంకుపెట్టెలోకి నీళ్లు వెళ్లాయి. అమ్మ ఆ కార్డుని ఎండబెట్టి దాచింది. తీసి చూస్తే నీలి సిరా మరక తప్ప ఒక్క అక్షరం లేదు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "మొదటి నుంచీ వేసేద్దాం" అంది. 28 రోజుల తేడాతో రెండు డోసులూ వేయించుకున్నాను. రెండో డోసు కాగితం చేతికి వచ్చాకే కంటినిండా నిద్రపోయాను.

మిగతావి త్వరగానే అయ్యాయి. మేం ఒడిశా కింద వస్తాం కాబట్టి వీసాకి కోల్‌కతా. పలాసలో రైలెక్కి వెళ్లొచ్చాం. విమానం ఫ్రాంక్‌ఫుర్ట్‌లో దిగింది, అక్కడి నుంచి ఎర్‌ఫుర్ట్‌కి రైల్లో రెండు గంటల పైచిలుకు. దిగిన రెండు వారాల్లోపు టౌన్ ఆఫీసులో చిరునామా రాయించుకోవాలి, దానికి గది ఇచ్చినవాళ్ల సంతకం కావాలి. పిల్లలతో పనిచేసేవాళ్లకి వేరే పోలీసు సర్టిఫికెట్ ఉంటుంది, దానికీ అక్కడే దరఖాస్తు పెట్టాను. పిల్లల సంగతులు బయట చెప్పనని, ఫోన్లో ఫొటోలు తీయనని సంతకం చేశాను. వీడియో కాల్లో అమ్మ "ఒక్క గుంటనైనా సూపించవే" అని ఎంత అడిగినా చూపించలేదు. ఇన్ని కాగితాలు ఎందుకని మొదట విసుక్కున్నాను. పిల్లల మధ్య కూర్చున్నాక ఆ విసుగు పోయింది.

మొదటి రోజు లోపలికి వెళ్తూనే చెప్పులు విప్పమన్నారు. అది మాత్రం మన ఇల్లే అనిపించింది. మేడమ్ లేదు, టీచర్ లేదు, పిల్లలు పేరు పెట్టే పిలుస్తారు. జర్మన్‌లో చాలా మాటల్లో 'వీ' అక్షరాన్ని 'ఫ' అని పలుకుతారు. ఫాటర్ అంటే నాన్న, ఫోగెల్ అంటే పిట్ట. తలుపు మీద అంటించిన నా పేరు చదివి పెద్ద పిల్లలు 'ఫ'తో పిలవడం మొదలెట్టారు. పర్లాకిమిడిలో 'బ', ఇక్కడ 'ఫ'. నాన్న నాలుగు నెలలు తిరిగి దిద్దించిన అక్షరం అది. ఆ సాయంత్రం గదికి వచ్చి ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

పిల్లల కోట్లు తగిలించే కొక్కేల వరస ఒకటి ఉంటుంది. చదవడం రాదు కాబట్టి ప్రతి కొక్కెం పైనా ఒక బొమ్మ: నత్త, గొడుగు, ఆపిల్. నన్నూ ఒకటి ఎంచుకోమన్నారు. ఏనుగుని తీసుకున్నాను. మా లఖారి లోయలో నిజం ఏనుగులు తిరుగుతాయని చెబితే పిల్లలు నోళ్లు తెరిచారు.

ఆ వారమే ఒక మూడేళ్ల బాబు చేరాడు. ఇంట్లో అరబిక్. కొత్త పిల్లల్ని ఇక్కడ ఒక్కసారిగా వదిలిపెట్టరు. మొదటి రోజులు అమ్మ పక్కనే కూర్చుంటుంది, తర్వాత కొన్ని నిమిషాలు బయటికి వెళ్తుంది, వాడు తట్టుకునే కొద్దీ ఆ సమయం పెరుగుతుంది. ఐంగెవోనుంగ్ అంటారు, అలవాటు పడనివ్వడం. "వాడితో మాట్లాడించాలని చూడకు, నువ్వు చేస్తున్న పనిని మాటల్లో చెబుతూ ఉండు" అంది నాకు పని నేర్పే ఆవిడ. నా జర్మన్ కూడా అంతంతమాత్రమే, నాకది సరిపోయింది. నీళ్లు పోస్తున్నా. తువ్వాలు మడుస్తున్నా.

అలా చెబుతుంటే ఒకటో క్లాసులో నా పక్కన కూర్చున్న సవర పిల్ల గుర్తొచ్చింది. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు. ఆగస్టు 29 వస్తే మేమంతా ఆయన గురించి ఉపన్యాసాలు చెప్పినవాళ్లమే. ఆ పిల్లకి మాత్రం ఏడాదంతా ఒక్క మాటా ఎవరూ తన భాషలో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రెండో క్లాసుకి తను రాలేదు.

మూడో వారం, బయట సన్నగా వాన. అందరూ వాన ప్యాంట్లు తొడుక్కుంటున్నారు. ఆ మూడేళ్ల బాబు అమ్మ కోసం తలుపు వైపు చూడలేదు. కొక్కేల దగ్గరికి నడిచి, వేలితో ఒక్కొక్క బొమ్మనీ తాకుతూ వెళ్లి, ఏనుగు దగ్గర ఆగాడు. మునివేళ్ల మీద లేచి నా కోటు లాగాడు. సగం నేలమీద ఈడ్చుకుంటూ తెచ్చి నా ఒళ్లో పడేశాడు.