కరక్కాయ గుడ్డ మీద కన్నప్ప

2021 మే నెలలో, కరోనా రెండో ఉధృతి నడుస్తున్న రోజుల్లో, మా నాన్నగారు తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. చివరి నాలుగు రోజులు మమ్మల్ని ఎవరినీ లోపలికి రానివ్వలేదు. వార్డులో పనిచేసే ఒక ఆయమ్మ మాత్రం తన డ్యూటీ అయిపోయాక కూడా కాసేపు ఉండి, ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకునేది. మాకు ఆయన ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినిపించకపోయినా, మా మాటలు ఆయనకు వినిపిస్తున్నాయని చెప్పేది. అంత్యక్రియలు దూరంగా నిలబడి చూశాము. ఆ తరువాత నాకు నిద్ర కరువైంది, చేతుల్లో వణుకు మొదలైంది.

ఆగస్టులో శ్రీకాళహస్తి వెళ్ళాను. అక్కడ నాకు తెలిసిన ఒక కలంకారీ కళాకారుడికి, ఎగ్జిబిషన్లు ఆగిపోవడం వల్ల ఏడాదిన్నరగా పని లేదని విని, రెండు గుడ్డలు కొని కొంత డబ్బు అదనంగా ఇచ్చి రావాలనుకున్నాను. ఆయన గుడ్డల ధర మాత్రం తీసుకుని మిగిలింది నా చేతిలో పెట్టేశారు. "ఊరికే వద్దమ్మా. ఇష్టమైతే పని నేర్చుకో, నేర్పినందుకు తీసుకుంటాను" అన్నారు. అలా ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కడం మొదలైంది.

మొదటి వారం కలం ముట్టుకోనివ్వలేదు. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముతక నూలు గుడ్డను ముంచి, పిండి, ఎండలో ఆరవేయడమే పని. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదని, కరక్కాయలోని వగరు లేకపోతే నలుపు పట్టదని అప్పుడే తెలుసుకున్నాను. పెరట్లో ఒక కుండ ఉండేది. అందులో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో దాదాపు మూడు వారాలు ఊరి, పుల్లని వాసన వేసే నీరుగా మారతాయి. దాన్ని కసిమి అంటారు. వెదురు పుల్లను మొనగా చెక్కి, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలాన్ని అందులో ముంచి గీస్తే, గీత మొదట పలచగా కనిపించి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ నల్లబడే క్షణం కోసమే నేను ప్రతివారం వెళ్ళేదాన్నేమో.

ఉన్నిని వేళ్ళతో నొక్కితేనే రంగు మొనకు దిగుతుంది. నా చేయి వణికి బొట్లు పడుతుంటే, గురువుగారు "ఊపిరి వదులుతూ లాగమ్మా" అన్నారు. ఊపిరి అన్న మాట వినగానే నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఏమీ అడగలేదు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, నేను తాగేదాకా అక్కడే కూర్చున్నారు. వాళ్ళ ఇంట్లోనూ ఆ వేసవిలోనే ఒక తమ్ముడు పోయాడని చాలా వారాల తరువాత గానీ నాకు తెలియలేదు.

ఈ పని అంతరించే స్థితిలో ఉండగా, 1950ల్లో, చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఆ ఊళ్ళో శిక్షణ కేంద్రం వచ్చింది. అక్కడ నేర్చుకున్నవారి దగ్గరే మా గురువుగారూ నేర్చుకున్నారు.

నాకు గురువుగారు ఇచ్చిన మొదటి బొమ్మ కన్నప్ప, అసలు పేరు తిన్నడు. లింగం కంటి నుంచి నెత్తురు కారుతుంటే తిన్నడు తన కన్ను పెకలించి పెట్టడం, రెండో కన్ను కూడా కారుతుంటే, తనకు చూపు పోయాక చోటు తెలియడం కోసం అక్కడ కాలు ఆనించడం చిన్నప్పటి నుంచి భక్తి కథగా వింటూ వచ్చినదే. చింతపుల్ల బొగ్గుతో ఆ కాలిని పదిసార్లు గీసి చెరిపినప్పుడు మాత్రం, ఎదుటివారి నొప్పి చూసి తట్టుకోలేకపోవడమే ఆ కథలో అన్నిటికంటే ముందు జరిగిన సంగతి అని తోచింది. ఫోను పట్టుకుని నిలబడిన ఆ ఆయమ్మ నాకు అక్కడే గుర్తొచ్చింది.

ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తారు. ఆరిన తరువాత ఎక్కడ పూశామో కంటికి ఆనదు. గుడ్డను మంజిష్ఠ అనే వేరు వేసిన నీళ్ళలో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. నా గుడ్డను పైకి తీసినప్పుడు కన్నప్ప పాదం పక్కన ఒక చిన్న ఎర్రచుక్క కూడా కనిపించింది. ఏనాడో నా చేతి నుంచి జారిన పటిక చుక్క అది. తీసేయవచ్చా అని అడిగితే, "ఉండనీయమ్మా" అన్నారు.

నిద్ర ఒక్కసారిగా తిరిగి రాలేదు. డాక్టరు రాసిన మందులు ఎనిమిది నెలలు వాడాను, వాటిని మానుకోమని ఎవరికీ చెప్పను. అయితే సంక్రాంతి నాటికి నా గీతలో వణుకు తగ్గింది.

ఆ గుడ్డను మడిచి, ఆసుపత్రికి వెళ్ళి ఆయమ్మను వెతుక్కున్నాను. ఆమెకు నాన్నగారు గుర్తున్నారు. గుడ్డ విప్పి, కన్నప్ప కాలి మీద, ఆ చుక్క మీద వేలు పెట్టి చూసి, "నువ్వే వేశావా తల్లీ" అంది. తరువాత దాన్ని జాగ్రత్తగా తన టిఫిను సంచిలో పెట్టుకుని, లోపల పేషెంటు పిలుస్తున్నాడని వెళ్ళిపోయింది.